పల్లెవాకిటినుండి ప్రాచీన నగరములకు



ఇటలీ దేశమును దర్శింపబోవు మనవారిలో పెక్కుమంది రోమునందు కొన్ని రాత్రులు, ఫ్లారెన్సునందు ఒక రాత్రి, వెనీసునందు మఱియొక రాత్రి గడపి, పెట్టెలు విప్పుటయందును మరల సర్దుటయందును సగము కాలము వెచ్చించి, చూచినదానికంటె చూడక విడిచినదానిని గూర్చియే చింతించుచు తిరిగివచ్చుచుందురు. అట్టివారికి నేడు వేఱొక మార్గమును సూచింపదలచితిని. టస్కనీ, ఉంబ్రియా సీమలు కలిసికొను చోట, ఏదేని యొక పల్లెపట్టున, రైతుకుటుంబము నడుపు విడిదియింట వారమో పది దినములో స్థిరముగా బసచేసి, ఉదయమున ఒక నగరమునకు వెడలి సాయంకాలమునకు మరల ఆ పల్లెకే చేరుకొనుట ఆ మార్గము. ఇందువలన ధనము కొంత మిగులుననుట నిజమే; కాని నేనీ పద్ధతిని ఆదరించుటకు కారణమది కాదు. మధ్యయుగపు ఇటాలియను నగరము తన చుట్టునున్న పొలములనుండి విడదీసి చూడదగినది కాదు. ఆ పొలముల గోధుమయు, ద్రాక్షయు, ఆలివు నూనెయు, ఆ కొండవాలుల గొఱ్ఱెల యున్నియు దాని యంగళ్ళను నింపినవి. ఉదయమున కోటద్వారమునుండి లోనికి వచ్చి ప్రొద్దుగ్రుంకులోపల అదే ద్వారమునుండి వెలికి పోవు జనులచేతనే దాని నిత్యజీవనము సాగినది. ఆ జనులు నడచిన దారిని, వారు నడచిన వేళలయందే, నగరమున ప్రవేశించువానికి ఆ నగరము తెలియవచ్చునట్లు, హోటలుగదినుండి నేరుగా చిత్రశాలకు పోవువానికి తెలియదని నా దృఢవిశ్వాసము.

బసకు అనువైన చోటు ఏదియని యడిగినచో, కియూసి, కోర్తోనా పట్టణములకును త్రసిమేనో సరస్సునకును నడుమనున్న ప్రాంతమును నేను చూపుదును. ఫ్లారెన్సునుండి రోమునకు పోవు పాత రైలుమార్గము ఈ ప్రాంతము గుండనే సాగును. కియూసి స్టేషనువద్ద సియేనాకు ఒక శాఖయు, తెరొంతోలా స్టేషనువద్ద పెరూజా, అసీసి నగరములకు మఱియొక శాఖయు చీలును. ప్రధానమార్గమున ఉత్తరమునకు పోయినచో అరెజ్జోయు, దక్షిణమునకు పోయినచో ఓర్వియేతోయు తగులును. ఇన్ని దిక్కుల ఇన్ని ప్రసిద్ధనగరములు ఇంత చేరువనున్న పల్లెపట్టు ఇటలీలో సైతము అరుదు.

ఈ సీమ స్వయముగా చరిత్రప్రసిద్ధమైనది. క్రీస్తుపూర్వము 217వ సంవత్సరమున, మంచు కమ్మిన ఒక ప్రాతఃకాలమున, త్రసిమేనో సరస్సుయొక్క ఉత్తరతీరముననే రోమునకు శత్రువైన సేనాని హానిబాలు కొండలచాటున పొంచియుండి, ఫ్లమీనియసు నడుపుచున్న రోమను సైన్యమును సరస్సునకును కొండలకును నడుమ నిఱికించి నిర్మూలించెను. సరస్సునకు పడమరనున్న కియానా లోయ యొకప్పుడు మలేరియాకు నిలయమైన పెద్ద చిత్తడినేల. పదునాఱవ శతాబ్ద్యారంభమున లియొనార్దో ద వించి దీనిని పటముగా చిత్రించెను. పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున ఫొస్సొంబ్రోని యను శాస్త్రజ్ఞుని యాజమాన్యమున, వరదనీటిని గట్లుగట్టిన మడులలోనికి మళ్ళించి, దానిలోని యొండ్రు అడుగున పేరుకొనునట్లు చేసి, ఏటేట నేలమట్టమును పెంచుకొనుచు, ఆ చిత్తడిని సారవంతమైన మాగాణిగా మార్చిరి. నదియే తెచ్చిన మట్టితో నదిచేతనే పల్లమును పూడ్పించిన ఆ యుపాయము నాకు మిక్కిలి ఆశ్చర్యకరముగ తోచును. ఈ లోయపేరనే ప్రసిద్ధికెక్కిన తెల్లని పశుజాతి యొకటి కలదు. దాని యెత్తును, మూపుల బలిమిని, నడకలోని ఠీవిని చూచినప్పుడు మన ఒంగోలు గిత్తలను ఎఱిగిన కన్నులకు అది పరాయిదేశమని తోచదు.

విడిదియిండ్లను గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది. ఏలయన వానియందు ఒక సమాజముయొక్క చరిత్ర యిమిడియున్నది. మధ్యయుగమునుండి ఇరువదవ శతాబ్ది మధ్యమువఱకు ఈ సీమలయందు మెజ్జద్రియా యను సగపాలు సేద్యము నడచినది. భూస్వామి పొలమును, ఇంటిని ఇచ్చును; రైతుకుటుంబమంతయు శ్రమను ఇచ్చును; పండినపంట సగముసగము పంచుకొందురు. ఈ పద్ధతియందు పొలము నడుమనే ఇల్లు కట్టవలసివచ్చినది కావుననే టస్కనీ కొండలపై మన యూళ్ళవలె ఇండ్లు గుంపుగూడియుండక, సైప్రసు చెట్లు వరుసదీరిన బాట చివర ఒక్కొక్క రాతియిల్లు ఒంటరిగ నిలిచియుండును. క్రింది యంతస్తున ఎడ్లకొట్టము, పైయంతస్తున కుటుంబము, వెలుపలినుండి పైకిపోవు రాతిమెట్లు, కప్పుమీద పావురములగూడు — ఇది యా యింటి స్వరూపము. శీతకాలమున క్రిందినున్న పశువుల వెచ్చదనము పైనున్నవారికి తోడ్పడెడిది. రెండవ ప్రపంచయుద్ధానంతరము యువకులు కర్మాగారములకు తరలిపోయిరి. 1964వ సంవత్సరపు చట్టము క్రొత్తగా సగపాలు ఒడంబడికలు చేసికొనుటను నిషేధించినది. వేలకొలది ఇండ్లు తాళములుపడి, కప్పులు కూలి, ముండ్లపొదలలో మునిగిపోయినవి. అటుపిమ్మట 1985లో చేసిన యొక చట్టము, సేద్యము చేయుచున్న రైతు తన యింట అతిథులను ఉంచుకొని వారికి తన పంటతో భోజనము పెట్టుటను అగ్రితూరిస్మో యను పేర క్రమబద్ధము గావించినది. సేద్యము ప్రధానముగను, ఆతిథ్యము దానికి అనుబంధముగను ఉండవలెననుట అందలి ముఖ్యనియమము. ఆ నియమమువలననే, పండుగదినములందు తప్ప మనుష్యసంచారము లేని యలంకారగృహములుగా మారిపోక, ఈ యిండ్లలో పెక్కింట నేటికిని ట్రాక్టరు చప్పుడును ఆలివుగానుగ వాసనయు నిలిచియున్నవి. బస కుదుర్చుకొనునప్పుడు ఆ యింటివారు నిజముగా సేద్యము చేయువారేనా యని విచారించి మఱీ కుదుర్చుకొనవలెనని నా మనవి. శాకాహారులకును ఇచ్చట చిక్కులేదు: గోధుమపిండిని నీటితో మాత్రమే కలిపి చేతితో తాల్చిన పీచి యను లావుపాటి సేమియా, ఈ లోయయందే పండు పెద్దవెల్లుల్లి పాయలతో వండిన టొమాటో పులుసుతో వడ్డింతురు. అయితే స్థానికపు జున్నుగడ్డలలో పెక్కింటిని దూడల, గొఱ్ఱెపిల్లల జీర్ణకోశమునుండి తీసిన పదార్థముతో తోడువెట్టుదురు గనుక, నియమనిష్ఠలు గలవారు అడిగి తెలిసికొనుట మేలు.

మొట్టమొదటి ప్రయాణము సియేనాకు చేయుడు. నగరమును, పల్లెను ఒకే గోడమీద ఒకే చూపునకు అందునట్లు చిత్రించిన మహాచిత్రము అచ్చట నున్నది. 1287 మొదలు 1355 వఱకు సియేనాను తొమ్మండుగురు పౌరుల సభ పాలించినది. సభ్యులు రెండేసి మాసములు మాత్రమే అధికారమునందుండి, ఆ కాలమంతయు నగరభవనముననే నివసింపవలసియుండెను. ఆ సభ కూర్చుండు గది గోడలపై 1338, 1339 సంవత్సరములలో ఆంబ్రోజియో లొరెంజెత్తి సుపరిపాలనను, దుష్పరిపాలనను, వాని ఫలములను చిత్రించెను. సుపరిపాలనాఫలములను చూపు గోడమీద ఎడమవైపున నగరము: కప్పులమీద పనిచేయుచున్న తాపీవారు, చెప్పులంగడి, విద్యార్థులకు పాఠము చెప్పుచున్న గురువు, వీథిలో చేతులు కలిపి నర్తించుచున్న బృందము. నడుమ కోటగోడ, తెఱచియున్న ద్వారము. కుడివైపున పల్లె: నడుమున తెల్లపట్టెగల నల్లపందిని నగరమునకు తోలుకొనివచ్చుచున్న రైతు, ధాన్యపుబస్తాలు మోయు కంచరగాడిదలు, వేటడేగలతో వెలికి పోవుచున్న ప్రభువులు, కోతలు, నూర్పిళ్ళు, ద్రాక్షతోటలు, వాని వెనుక అంతులేని కొండల వరుస. ఆ పల్లెపై రెక్కలు చాచి యొక స్త్రీమూర్తి ఎగురుచున్నది. ఆమె అభయమను దేవత. ఒకచేత శాసనపత్రమును, మఱియొకచేత ఉరికంబమును ధరించినది. దారులు నిర్భయములైననే నగరమునకు అన్నము లభించును. ఆ దారులను కాపాడుట నగరము బాధ్యత. ఆ తొమ్మండుగురు ప్రతిదినము తలయెత్తినంతనే కంటబడునట్లు ఈ ధర్మమును గోడపై వ్రాయించుకొనిరి. అంతటి పొడవైన గోడయందు సగము భాగమును పల్లెకు ఇచ్చిన ఆ చిత్రకారుని న్యాయబుద్ధికి నేను చేతులు జోడింతును. ఆ గదినుండి వెడలి భవనపు వెనుకవైపున, పైయంతస్తున గల వసారాకు పొండు. కోటగోడలలోపలనే పచ్చని కూరగాయల మళ్ళును, గోడలకావల లొరెంజెత్తి చిత్రించిన కొండలవంటి కొండలును అచ్చటినుండి కనబడును. ఆనాటి యుదయము మీరు రైలుకిటికీనుండి చూచినవియు ఆ కొండలే.

సియేనాకు నదిలేదు. ఆ కొఱతను తీర్చుకొనుటకై నగరవాసులు భూగర్భమున సుమారు 25 కిలోమీటర్ల పొడవున సొరంగకాలువలు త్రవ్వి, చుట్టుపట్ల పల్లెనేలలలో ఇంకిన వాననీటిని నగరమధ్యమునకు కొనివచ్చిరి. విసనకఱ్ఱయాకారమున తొమ్మిది పాళ్ళుగా ఇటుకలు పఱచిన ఆ గొప్ప చౌకపు ఎగువభాగమున, యాకొపో దెల్లా క్వెర్చా శిల్పములు చెక్కిన జలాశయమునకు నీరు చేరుటయు ఆ కాలువలవలననే. అచ్చటికి కొలదిదూరముననున్న ప్రధానదేవాలయమును ప్రపంచమున అతివిశాలమైనదానినిగా పెంచదలచి 1339లో పని ప్రారంభించిరి. 1348లో మహామారి వచ్చిపడినది. ఆంబ్రోజియో కూడ ఆ మహామారికే బలియయ్యెనని చరిత్రకారులు తలంతురు. దేవాలయపు పని అంతటితో నిలిచిపోయినది. కప్పులేని మంటపమునకు ముఖభాగమై, ఆకాశమునకు ద్వారముగ, ఆ మహాకుడ్యము నేటికిని ఒంటరిగ నిలిచియున్నది. జూలై 2వ తేదీని, ఆగస్టు 16వ తేదీని నగరమందలి పదునేడు పేటలలో పదింటి గుఱ్ఱములు చౌకముచుట్టు పరుగెత్తు పాలియో పందెము జరుగును. అది గొప్ప యుత్సవమే యైనను, నగరమును నెమ్మదిగ చూడవచ్చినవారు ఆ దినములు విడుచుట మంచిది.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కారు అద్దెకు తీసికొన్నవారు ఈ నగరములలో దేనియందును కోటద్వారము దాటి కారును లోనికి పోనీయరాదు. లోపలి వీథులు అనుమతిగల వాహనములకు మాత్రమే విడువబడినవి. ప్రవేశముననున్న కెమేరాలు కారు నంబరును చిత్రించును. నెలలు గడచినపిదప జరిమానా చీటి మీ యింటికి వచ్చును. సియేనా వారు 1960 దశకముననే నగరమధ్యమును కార్లకు మూసి ఇతరులకు దారిచూపిరి. కోటవెలుపల కారు నిలిపి నడచి పోవుడు. పూర్వులు ప్రవేశించిన విధమును అదియే. చిన్న దేవాలయములు మధ్యాహ్నము పండ్రెండున్నర ప్రాంతమున మూతపడి మూడుగంటలకు గాని తెఱవబడవు గనుక, ముఖ్యముగ చూడదలచినదానిని ఉదయముననే చూచి, ఆ నడుమ గంటలను భోజనమునకును నీడపట్టున విశ్రమించుటకును వినియోగింపుడు.

పెరూజాలో మొదట చూడవలసినది నగరమధ్యమునందలి జలయంత్రము. 1275 మొదలు 1278 వఱకు, అనగా మన ఓరుగల్లున రుద్రమదేవి రాజ్యమేలుచున్న కాలమున, నికోలా పిసానో, ఆయన కుమారుడు జొవాన్నీ దీనిని చెక్కిరి. పచ్చియానో కొండనుండి కాలువద్వారా తెచ్చిన నీటికి నగరము ఎత్తిన నీరాజనమిది. అట్టి కీర్తిస్తంభముపై రాజులను, యుద్ధములను మాత్రమే చెక్కించుట లోకరీతి. పెరూజావారు క్రిందితొట్టి చుట్టును పండ్రెండు మాసముల వ్యవసాయకార్యములను చెక్కించిరి. జూనున కోత, జూలైన నూర్పు, సెప్టెంబరున ద్రాక్షపండ్లు త్రొక్కుట, నవంబరున దున్నుట, విత్తుట. ప్రతిమాసమునకు రెండేసి ఫలకములు, వానితో ఆ మాసపు రాశిచిహ్నము. నీటికై కడవ పట్టుకొని వచ్చిన నగరపు గృహిణి, తన యింటి రొట్టె ఎచ్చటినుండి వచ్చుచున్నదో చూడక మఱలుటకు వీలులేదు. ఉదయము మీరు బసనుండి బయలుదేరునప్పుడు పొలమున ఏ పని జరుగుచుండెనో జ్ఞాపకముంచుకొని, ఆ మాసపు ఫలకమును వెదకుడు. ఏడు శతాబ్దులకు పైబడిన కాలమున యంత్రములు మాఱెను గాని పనులక్రమము చాలవఱకు మాఱలేదని మీకే తెలియును.

పెరూజా స్వాతంత్ర్యము ఉప్పుపన్నుతో అంతరించినది. 1540లో మూడవ పౌలు పోపు ఉప్పుధర పెంచగా నగరము తిరుగబడి ఓడినది. పోపు, ఎదిరించిన బల్యోనీ వంశమువారి పేటపైననే ఒక మహాదుర్గమును కట్టించెను. దాని పైభాగమును పందొమ్మిదవ శతాబ్దిలో ప్రజలు కూల్చివేసిరి. కాని అడుగున, దుర్గపు కమానులక్రింద పూడిపోయిన పాతవీథులు, వాకిళ్ళు అట్లే నిలిచినవి. నేడు కొండదిగువనుండి పైకి పోవు ఎస్కలేటర్లు ఆ చీకటివీథుల గుండనే పోవును. ఒక నగరముయొక్క పరాభవమును దాటుకొనియే దాని వెలుగులోనికి ప్రవేశించు ఇట్టి దారిని నేను వేఱెచ్చటను చూడలేదు.

ఆ దుర్గమును నిర్మించిన చిన్న ఆంతోనియో ద సంగల్లోయే ఓర్వియేతోలో ఒక బావిని త్రవ్వించెను. 1527లో రోము కొల్లగొట్టబడినపుడు ఏడవ క్లెమెంటు పోపు తప్పించుకొనివచ్చి, నిటారుగ లేచిన బండకొండమీది ఆ నగరమున తలదాచుకొనెను. ముట్టడి వచ్చినచో నీరులేక లొంగవలసివచ్చునను భయముతో ఆయన త్రవ్వించిన ఆ బావి 50 మీటర్లకు పైబడిన లోతుగలది. బావిగోడచుట్టును మెలికలు తిరిగిన మెట్లదారులు రెండు, ఒకదానితో నొకటి కలియకుండ, ఒకటి దిగుటకును ఒకటి ఎక్కుటకును నిర్మింపబడినవి. 248 మెట్లు, వానికి వెలుగునిచ్చుటకు డెబ్బది గవాక్షములు. తోలుసంచులతో దిగు కంచరగాడిదకును, నీరు నింపుకొని ఎక్కు కంచరగాడిదకును ఎదురుపడవలసిన పనిలేదు. గణితమును, కరుణను ఇంతగా కలిపిన కట్టడము అరుదు. 1290లో ప్రారంభమైన అచ్చటి దేవాలయమందు లూకా సిన్యొరెల్లి 1499 మొదలు 1504 వఱకు చిత్రించిన ప్రళయచిత్రములు కలవు. భూమిని చీల్చుకొని లేచుచున్న మృతుల కండరములను చూచినచో మైకెలాంజెలో వానిని ఏల మెచ్చుకొనెనో తెలియును. స్టేషనుకు ఎదురుగనే కొండపైకి పోవు తాటిరైలు కలదు.

అసీసికి పోవువారు స్టేషను దిగినంతనే కొండమీదికి బస్సెక్కక, మొదట మైదానమునందే ఉన్న సాంత మరియా దెల్యీ ఆంజెలీ దేవాలయమునకు పోవలెను. ఆ మహాగోపురము క్రింద, సాధువైన ఫ్రాన్సిసువారు తమ చేతులతో బాగుచేసికొని, తమ సహోదరులను కూర్చుకొన్న పొర్జుంకొలా యను చిన్నరాతిగుడి యున్నది. పొలముల నడుమనుండిన ఆ గుడినుండియే ఆయన మార్గము లోకమున ప్రసరించినది. ఆయన 1226లో ఆ గుడిచెంతనే దేహము చాలించెను. రెండేండ్లకే కొండపైన ఆయనపేర మహాదేవాలయమునకు శంకుస్థాపన జరిగినది. దాని యెగువ యాలయమున ఆయన జీవితమును తెలుపు 28 చిత్రములు గోడలపై వరుసగ నున్నవి. 1997 సెప్టెంబరు 26వ తేదీని వచ్చిన భూకంపమున కప్పులోని భాగములు కూలి నలుగురు మరణించిరి. వేలకొలది ముక్కలుగా రాలిన చిత్రఖండములను ఏఱి, పోల్చి, అతికించి, 1999లో ఆలయమును మరల తెఱచిరి. పక్షులకు ధర్మబోధ చేయుచున్న సాధువు చిత్రమును చూచి వెలికివచ్చి, క్రిందనున్న ఉంబ్రియా మైదానమును కొంతసేపు చూచుటకు సమయము మిగుల్చుకొనుడు.

అరెజ్జో, కోర్తోనాలు చేరువనే గలవు గనుక ఎండ తీవ్రమైన దినములకో, అలసిన దినములకో ఉంచుకొనవచ్చును. అరెజ్జోలోని సాన్ ఫ్రాంచెస్కో ఆలయమున పియేరో దెల్లా ఫ్రాంచెస్కా చిత్రించిన సత్యశిలువ గాథ కలదు. అందు కాన్‌స్టంటైను చక్రవర్తి యుద్ధము జరుగుచున్నది రోమువద్దనే యైనను, సైన్యముల నడుమ ప్రశాంతముగ మెలికలు తిరుగు ఆ నది మాత్రము చిత్రకారుడు బాల్యమునుండి చూచిన ఎగువ టైబరు లోయనుండి వచ్చినదే. ప్రతిమాసము మొదటి ఆదివారమున, దానికి ముందటి శనివారమున అచ్చట పాతవస్తువుల సంత జరుగును. కోర్తోనాలో ప్రాచీన ఎత్రుస్కను జాతివారు కట్టిన గోడలను, ఫ్రా ఆంజెలికో చిత్రించిన దేవదూత శుభవార్తా చిత్రమును చూడుడు. మోకాళ్ళ నొప్పులు గలవారు ఆ నిలువు వీథులకు సిద్ధపడి పోవలెను.

ఫ్లారెన్సును నేను చివరకు ఉంచితిని. ఒక్క దినమున దానిని చూచుట అసాధ్యము. కావున చూడకుండ దేనిని విడువవలెనో ముందే నిశ్చయించుకొనుట ప్రాజ్ఞత. రైలు స్టేషనునకు ఎదురుగనున్న సాంత మరియా నొవెల్లా ఆలయముననే, బొకాచియో దెకామెరోను కథలలో, 1348నాటి మహామారివేళ ఏడుగురు వనితలును ముగ్గురు యువకులును కలిసికొని, నగరము విడిచి పల్లెయిండ్లకు పోవుదమని నిశ్చయించుకొనిరి. వారు ఏ పల్లెకై వెడలిరో అట్టి పల్లెనుండి వచ్చి మీరు అదే యాలయమున అడుగిడుచున్నారు. అందు మసాచియో 1427 ప్రాంతమున చిత్రించిన త్రిత్వచిత్రమును చూచి, అటనుండి సాన్ మార్కో మఠమునకు పోయి, ఒక్కొక్క సన్న్యాసి గదిగోడపై ఒక్కొక్క చిత్రముగ ఫ్రా ఆంజెలికో వెలయించిన ధ్యానచిత్రములను చూచినచో ఉదయము సార్థకమగును. ఉఫ్ఫీజీ చిత్రశాలను చూడగోరువారు ముందుగనే టికెట్టు తీసికొని, సోమవారము సెలవని మఱువక, ఆ దినమును దానికే కేటాయింపవలెను. రెండును కలుపుకొనుట రెండింటికిని అన్యాయము. సాయంకాలము నదిదాటి సాన్ మినియాతో ఆలయపు గుట్ట యెక్కినచో, 1420 మొదలు 1436 వఱకు బ్రూనెల్లెస్కి నగరపు ప్రధానదేవాలయముపై లేపిన ఎఱ్ఱని గోపురమును, దాని వెనుక గట్లుగట్టిన ఆలివుతోటలుగల కొండలును, ఒకదానికొకటి ఆధారమై ఒకే దృశ్యముగ కనబడును. తిరుగు ప్రయాణమున వేగపురైళ్ళు క్రొత్తమార్గమున నేరుగ రోమునకు పోవును గనుక వానిని ఎక్కక, అరెజ్జో మీదుగ తెరొంతోలా, కియూసిలకు పోవు ప్రాంతీయపు బండినే ఎక్కవలెను. కాగితపు టికెట్టును ప్లాట్‌ఫారముమీది యంత్రమున ముద్రవేయించుకొని మఱీ ఎక్కుడు. స్టేషనునుండి పల్లెకు చీకటిపడిన తరువాత బస్సులు అరుదు. కావున ఉదయమే మీ కారును స్టేషనువద్ద ఉంచుకొనుటయో, ఇంటియజమానురాలితో మాటలాడి బండి ఏర్పాటు చేసికొనుటయో మంచిది.